పరుపు మోసిన నలుగురు
(రేడియో ప్రసంగ పాఠము)



ఈ దినము మన ధ్యానమునకు మార్కు సువార్త రెండవ అధ్యాయములోని సంగతిని తీసుకుందాము. కపెర్నహూములో యేసుప్రభువు ఒక ఇంటిలో బోధించుచుండగా, పక్షవాయువు గల ఒక మనుష్యుని నలుగురు మోసుకొని వచ్చారు. గుంపు వలన వాకిట్లో నుండి లోపలికి పోలేకపోయారు. రేపు వద్దాము లెమ్మని వారు ఇంటికి మళ్ళలేదు. మిద్దె ఎక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా ఆయన యెదుట దింపారు. ఆదివారపు బడి పిల్లలు కూడా ఈ కథ చెప్పగలరు. అయితే ఒక చిన్న సంగతి గమనించారా? ఆ మనిషి కాళ్ళు పని చేయలేదు. ఆ దినాన అతనిని నడిపించినవి ఇతరుల ఎనిమిది కాళ్ళు. ఆ నలుగురి పేర్లు సువార్తలో లేవు. వారి తొందర మాత్రము ఉంది.

ఆ తొందర గురించే ఈ దినము మాట్లాడాలని నా ఉద్దేశము. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ప్రతి ఇంట్లో వినబడే మాట ఒకటుంది: నడుము నొప్పి. ఆ నొప్పి వెనుక ఎప్పుడో ఒకసారి దాగి ఉండే ఒక రోగము గురించి మీకు చెప్పాలి. అది రక్త క్యాన్సరు. వైద్యులు దానిని లుకేమియా అంటారు. చాలామందికి అది జ్వరముతో, నీరసముతో, రక్తము తగ్గిపోవడముతో బయటపడుతుంది. కొద్దిమందికి మాత్రము అది వెన్నుపామును నొక్కుతూ, నడుము నొప్పిగా, కాళ్ళ బలహీనతగా మొదలవుతుంది. ఇది అరుదు. అరుదైనది కనుకనే ఎవరికీ తట్టదు. ఎవరికీ తట్టకపోయేసరికి కాళ్ళు పోతాయి, ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది.

మొదట భయము తీసివేద్దాము. నడుము నొప్పి వచ్చిన ప్రతివారికీ క్యాన్సరు లేదు. సిరిసిల్లలో సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడినవానికి నడుము పట్టకుండా ఎలా ఉంటుంది? కోరుట్లలో చాట ఒడిలో పెట్టుకొని పొద్దస్తమానము బీడీలు చుట్టే తల్లికి మెడ, వీపు గుంజకుండా ఎలా ఉంటాయి? దుబాయిలో, మస్కట్‌లో బరువులు మోసి వచ్చిన కొడుకులకు నొప్పులు ఉండనే ఉంటాయి. ఇటువంటి నొప్పులు ఎక్కువ శాతము కండరాలవి. పడుకుంటే తగ్గుతాయి, కొన్ని దినాలలో కుదుటపడతాయి. అయితే సాంచాల మీద పని చేసేవానికి కూడా వేరే రోగము రావచ్చు గదా! పని వలన వచ్చిన నొప్పి అని మనమే తీర్పు చెప్పుకుంటే, అసలు రోగము ఆ తీర్పు వెనుక దాక్కుంటుంది.

ఇప్పుడు రక్త రోగానికి, వెన్నుకు సంబంధమేమిటో చూద్దాము. రక్తము తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. వెన్నుపూసలలోనూ మూలుగ ఉంటుంది. లుకేమియా అంటే ఆ మూలుగలో తెల్ల కణాలు అదుపు తప్పి, ఎదగకుండానే పెరిగిపోవడము. చెడ్డ కణాలు స్థలమంతా ఆక్రమించుకుంటే మంచి రక్తము తయారు కాదు. అందువల్ల మనిషి పాలిపోతాడు, మాటిమాటికి జ్వరము వస్తుంది, చిగుళ్ళ నుండి రక్తము కారుతుంది, దెబ్బ తగలకుండానే చర్మము మీద నల్లని మచ్చలు లేస్తాయి.

కొందరిలో ఈ కణాలు మూలుగ దాటి బయటికి వచ్చి ఒకచోట గడ్డగా పేరుకుంటాయి. 1811లో స్కాట్లాండు దేశపు వైద్యుడు అలన్ బర్న్స్ ఇటువంటి గడ్డను మొదటిసారి వర్ణించాడు. ఆ గడ్డలు కొన్ని పచ్చటి రంగులో ఉండేవి గనుక పందొమ్మిదవ శతాబ్దములోనే వాటికి క్లోరోమా అని పేరు పెట్టారు. ఇప్పుడు మైలాయిడ్ సార్కోమా అంటున్నారు. ఆ గడ్డ వెన్నెముక లోపలి గొట్టములో, వెన్నుపాము పైపొరకు ఆనుకొని పెరిగిందనుకోండి. ఆ గొట్టము చుట్టూ ఎముకే. గడ్డ పెరగడానికి వేరే చోటు లేదు, వెన్నుపామును నొక్కడమే. నీళ్ళ పైపు మీద బండరాయి పెట్టినట్లు, మెదడు నుండి కాళ్ళకు పోయే ఆజ్ఞ అక్కడ ఆగిపోతుంది. నొక్కిన చోట రక్తప్రసరణ తగ్గుతుంది, వాపు వస్తుంది. కొద్ది దినాలలో, ఒక్కొక్కసారి కొద్ది గంటలలోనే, నరాల కణాలు చచ్చిపోతాయి. చచ్చిన నరము తిరిగి బ్రతకడము కష్టము.

ఇందులో జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటుంది. కొందరిలో ఈ గడ్డ ముందు వస్తుంది, రక్తములో మార్పు వారాలకో నెలలకో తరువాత కనబడుతుంది. కనుక మొదటి రక్త పరీక్ష బాగున్నంత మాత్రాన కాళ్ళ బలహీనతను తేలికగా తీసుకోకూడదు.

ప్రియులారా, ఏ నొప్పి దగ్గర మనము ఆగి ఆలోచించాలి? పడుకున్నా తగ్గక, రాత్రివేళ నిద్ర లేపే నొప్పి. దినదినము పెరిగే నొప్పి. దగ్గినా తుమ్మినా వెన్నులో పోటు పొడిచి, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్లు ఉండే నొప్పి. నడుము నొప్పితో పాటు కాళ్ళు బరువెక్కడము, మెట్లు ఎక్కలేకపోవడము, చెప్పు కాలి నుండి జారినా తెలియకపోవడము. ఒక గీత గీసినట్లు అక్కడి నుండి కిందికి మొద్దుబారడము. మూత్రము రాక కడుపు ఉబ్బడము, లేదా తెలియకుండానే పోవడము. మలద్వారము చుట్టూ స్పర్శ తెలియకపోవడము. ఇవి కనబడినప్పుడు వారము దినాలు చూద్దామనే మాటకు చోటు లేదు. ఆ దినమే ఆసుపత్రికి పోవాలి.

చిన్నపిల్లల విషయములో ఇంకొంచెము జాగ్రత్త కావాలి. పిల్లలు నడుము నొప్పి అని చెప్పలేరు. నిన్నటిదాకా పరుగెత్తిన పిల్ల ఈ దినము చంక దిగనంటుంది. నిలబెడితే ఏడుస్తుంది, కుంటుతుంది. బడికి పోననడానికి వేషాలు వేస్తోందని కసురుకోవద్దు. ఆ పిల్ల ముఖము పాలిపోయి ఉందా, జ్వరము వచ్చి పోతూ ఉందా, మెడలో గడ్డలు తగులుతున్నాయా చూడండి.

ఇక మన ఇండ్లలో జరిగేదేమిటో ఒక ఉదాహరణగా అనుకుందాము. ఇరవై రెండేండ్ల యువకునికి నడుము నొప్పి మొదలయ్యింది. మొదటి వారము గోలీలు. రెండవ వారము ఊరి ఆర్ఎంపీ డాక్టరు దగ్గర సూది. నొప్పి తగ్గింది, అందరూ సంతోషించారు. మూడవ వారము కాళ్ళు తడబడ్డాయి. ఎవరో నడుము తొక్కించమన్నారు, మరొకరు పసరు కట్టు కట్టించమన్నారు. ఇంకొకరు గాలి సోకిందన్నారు. పెద్ద ఆసుపత్రికి పోదామంటే తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు, ఆయన ఫోను వచ్చేదాకా ఆగుదామనుకున్నారు. సంఘము వారు వచ్చి మూడు దినాల ఉపవాస ప్రార్థన పెట్టారు. నాల్గవ దినము అతనికి మూత్రము బంద్ అయ్యింది. ఇందులో చెడ్డవారు ఎవరున్నారు? ఎవరూ లేరు. అందరూ ప్రేమించారు, అందరూ ఏదో ఒకటి చేశారు. అయినా మూడు వారాలు పోయాయి.

ఆ సూది గురించి ఒక మాట. త్వరగా నొప్పి తగ్గించే సూదిమందులలో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. లుకేమియా కణాలలో కొన్ని రకాలు స్టెరాయిడ్‌కు కొద్దికాలము కరిగిపోతాయి. నొప్పి, జ్వరము తగ్గి, రోగము పోయినట్లు కనబడుతుంది. తరువాత చేసే పరీక్షలలో రోగము సరిగా దొరకకపోవచ్చు. వెన్నుపాము నొక్కుకుపోయినప్పుడు పెద్ద ఆసుపత్రి వైద్యులు కూడా స్టెరాయిడ్ ఇస్తారు. అయితే వారు ఏమి చేస్తున్నారో తెలిసి, వీలైతే ముందుగా రక్తము తీసి ఉంచి ఇస్తారు. తెలియక ఇచ్చినదానికి, తెలిసి ఇచ్చినదానికి అంత తేడా ఉంది. కనుక మీరు ముందు ఏ సూదులు, ఏ గోలీలు వాడారో దాచకుండా చెప్పండి. ఖాళీ సీసాలు, చీటీలు వెంట తీసుకుపోండి.

ఇప్పుడు ప్రార్థన సంగతి. నేను ప్రార్థన మానమని చెప్పడము లేదు. సంఘపు పెద్దలు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు పత్రికలో ఉంది. అయితే రాజైన హిజ్కియాను జ్ఞాపకము చేసుకోండి. మరణకరమైన రోగము కలిగినప్పుడు అతడు గోడ తట్టు తిరిగి కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఆయుష్షు పెంచుతానని సెలవిచ్చాడు. అంతటితో ఆగితే మనము, మందు ఎందుకు, మాట దొరికింది గదా అంటాము. కానీ యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానము పొందిన తరువాతనే మందు! పౌలుకు తోడుగా ప్రయాణము చేసిన లూకా వైద్యుడు. ప్రార్థన బండిలో కూడా చేయవచ్చు. ఆసుపత్రి వరండాలో మోకరించవచ్చు. మనము దేవుని మీద ఆనుకునేది మనసుతో, రోగిని చేర్చవలసినది వైద్యుని దగ్గరికి. ఈ రెండింటికి తగాదా పెట్టింది మనమే.

మరి ఏమి చేయాలి? మూత్రము ఆగినా, కాళ్ళు తడబడినా 108కి ఫోను చేయండి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అక్కడి పెద్దాసుపత్రిలో చూపించి రెండు సంగతులు అడగండి. మొదటిది, రక్త కణాల లెక్క, దానితో పాటు రక్తపు చుక్కను అద్దము మీద పరచి సూక్ష్మదర్శినితో చూసే పరీక్ష. తక్కువ ఖర్చుతో అయ్యే ఈ పరీక్షలోనే లుకేమియా చాలాసార్లు పట్టుబడుతుంది. రెండవది, వెన్నెముక ఎంఆర్ఐ. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని వెన్నుపామును నొక్కే మెత్తని గడ్డ కనబడదు. మన దేశములో వెన్నెముక క్షయ కూడా ఇటువంటి లక్షణాలతోనే వస్తుంది. రోగము ఏదో తేలకుండా క్షయ మందులు మొదలుపెట్టి నెలలు గడపడము కూడా ప్రమాదమే. ముక్క తీసి పరీక్ష చేయమని వైద్యులు చెబితే వెనుకాడవద్దు.

కొందరు వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని భయపడి ఆసుపత్రి నుండి పారిపోతారు. లుకేమియా నిర్ధారణకు మూలుగ తీసేది సాధారణముగా తుంటి ఎముక నుండి. అది వెన్నుపాము కాదు. వెన్నులో నీరు తీయవలసి వచ్చినా, పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగములోనే ముగిసిపోతుంది, సూది దానికి కింద వేస్తారు. వెన్నులో గడ్డ ఉందని అనుమానమున్నప్పుడు ముందు ఎంఆర్ఐ చూసిన తరువాతనే వైద్యులు ఆ పని చేస్తారు.

హైదరాబాదు పంపిస్తే ఆ దినమే బయలుదేరండి. సిరిసిల్ల నుండి సుమారు 140 కిలోమీటర్లు, జగిత్యాల, కోరుట్ల నుండి సుమారు 200. పంజాగుట్టలో నిమ్స్, రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రి, బంజారా హిల్స్‌లో బసవతారకం క్యాన్సరు ఆసుపత్రి ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సరు చికిత్సకు వర్తిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు ఒక సంచిలో సిద్ధముగా పెట్టుకోండి. పొలము అమ్మేదాకా, అప్పు పుట్టేదాకా ఆగవద్దు.

ఎందుకింత తొందర అంటారా? చికిత్స మొదలుపెట్టే నాటికి ఇంకా నడుస్తున్నవారు ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్ళు పూర్తిగా పడిపోయిన తరువాత వచ్చినవారిలో తిరిగి నడిచేవారు తక్కువ. లుకేమియా గడ్డలో ఒక మేలు ఉంది. కీమోథెరపీకి, రేడియేషన్‌కు అది త్వరగా కరుగుతుంది. కొందరికి ఆపరేషన్ కూడా అవసరము పడదు. ఆపరేషన్ చేయవలసి వస్తే రక్తము గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు చాలినన్ని ఉన్నాయో లేదో ముందు చూడాలి. అందుకే రక్త పరీక్ష అంత ముఖ్యము.

ఆపరేషన్ అయ్యాక జరిగే ఒక పొరపాటు కూడా చెప్పాలి. గడ్డ తీశారు, కాళ్ళలో బలము వచ్చింది, కుటుంబమంతా స్తోత్రము చెల్లించి ఇంటికి వచ్చేస్తారు. ముక్క పరీక్ష కాగితము మాత్రము ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. ఆ కాగితము మీదనే అసలు రోగము పేరు ఉంటుంది. గడ్డ తీసినంత మాత్రాన లుకేమియా పోదు. పూర్తి చికిత్స జరగకపోతే కొన్ని నెలల్లో రక్తములో బయటపడుతుంది. కాగితము తెచ్చుకోండి, చదివించుకోండి.

ఇంత చెప్పి నిరీక్షణ చెప్పకపోతే నా మాట అసంపూర్ణము. లుకేమియా అంటే చావే అని మన పెద్దలు అనుకోవడములో తప్పు లేదు, ఒకప్పుడు అది నిజమే. ఆ చీకటిలో మొదటి కిటికీ తెరిచినవారిలో మన తెలుగు బిడ్డ ఒకరున్నారు. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది దినాల తేడాతో చనిపోయారు. మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, 1940 నుండి లెడర్లీ సంస్థలో పరిశోధన నడిపించారు. ఫోలిక్ ఆమ్లము మీద ఆయన బృందము చేసిన పని నుండే, ఆ ఆమ్లమును అడ్డుకొని క్యాన్సరు కణాలను ఆకలితో మాడ్చే మందులు పుట్టాయి. ఆ మందులలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ నగరములో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించాడు: 16 మంది పిల్లలలో 10 మందికి రోగము తాత్కాలికముగా తగ్గింది. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కుటుంబములోని మెథోట్రెక్సేట్ అనే మందును ఇప్పటికీ లుకేమియా పిల్లలకు ఇస్తున్నారు. వెన్నులోని నీటిలోకి సూదితో ఎక్కించేది కూడా ఆ మందే. సంపన్న దేశాలలో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకము లుకేమియా ఇప్పుడు పదిమందిలో సుమారు తొమ్మిది మందికి నయమవుతోంది. మన దేశములో అంత లేదు. ఆలస్యముగా రావడము, రెండు మూడేండ్ల చికిత్సను మధ్యలో మానివేయడము దానికి ముఖ్య కారణాలలో ఉన్నాయి. పెద్దవారికి వచ్చే కొన్ని రకాలు కఠినమైనవి, ఆ మాట దాచకూడదు. అయినా మందులేని రోగము అనే దినాలు పోయాయి.

మధ్యలో మానివేయకుండా చూడడము ఒక్క కుటుంబము వలన అవుతుందా? ఇక్కడే ఆ నలుగురు కావాలి. ఒకరు హైదరాబాదుకు తోడు పోవాలి, పెద్ద ఆసుపత్రిలో కిటికీల దగ్గర వరుసలో నిలబడాలి. ఒకరు ఇంటి దగ్గర ముసలివారికి, మిగిలిన పిల్లలకు అన్నము చూడాలి. తండ్రి గల్ఫ్‌లో ఉంటే, ఆయన మాట కొరకు ఆ తల్లి ఆగనవసరము లేదని ధైర్యము చెప్పి బండి ఎక్కించాలి. ఒకరు రక్తము ఇవ్వాలి. ప్లేట్‌లెట్లు అయిదు దినాలకు మించి సాధారణముగా నిలువ ఉండవు, కొని దాచుకునే వస్తువు కాదు. 18 ఏండ్లు దాటి ఆరోగ్యముగా ఉన్న మన యౌవనస్థుల సంఘము వారు వంతులు వేసుకొని ఇస్తే, ఎంతటి కానుక! ఒకరు చికిత్స తేదీలు వ్రాసి పెట్టుకొని, తప్పకుండా పంపించాలి. కీమోథెరపీ జరిగేటప్పుడు జ్వరము వస్తే అది మామూలు జ్వరము కాదు, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి చేర్చాలి.

ఇంకొక్క మాట. ఆ ఇంటి గడప మీద నిలబడి, ఎవరి పాపమో ఇది అనకండి. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అదే ప్రశ్న అడిగారు. వాడూ కాదు, వాని తల్లిదండ్రులూ కాదని ప్రభువు జవాబు చెప్పాడు. లుకేమియా శాపము కాదు, అంటురోగము కాదు. ఆ బిడ్డను ముట్టుకోవచ్చు. చికిత్స దినాలలో బిడ్డకు రోగనిరోధక శక్తి తక్కువ గనుక, జలుబు దగ్గు ఉన్నవారు మాత్రము దూరము ఉండాలి.

ప్రియ శ్రోతలారా, ఈ వారము మీ సంఘములో, మీ వాడలో, నడుము నొప్పి అని మూలుగుతూ గోడ పట్టుకొని నడిచేవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి. రాత్రి నిద్రపడుతోందా, కాళ్ళు బరువుగా ఉన్నాయా, మూత్రము సరిగా వస్తోందా అని అడగండి. అడగడానికి డాక్టరు చదువు అక్కరలేదు. జవాబు అనుమానముగా ఉంటే పరుపు ఒక కొన మీరు పట్టుకోండి, మిగతా ముగ్గురిని పిలవండి.

పరమ తండ్రీ, నొప్పితో నిద్రలేని బిడ్డలను, వారికి సేవ చేసే వైద్యులను, నర్సులను జ్ఞాపకము చేసుకొనుము. ఆలస్యము చేయని ప్రేమను మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.